ఆయన తీరే అంత అనుకోవాలా, ఇది మరో జబ్బా?

ప్రశ్న: మావారికి 58 ఏళ్లు. ఏడు నెలల క్రితం గుండెపోటు వచ్చింది, రెండు స్టెంట్లు వేశారు. గుండె బాగా కోలుకుందని, నడవవచ్చని, పనికి కూడా వెళ్లవచ్చని డాక్టరుగారు చెబుతున్నారు. కానీ ఇంట్లో ఆయన మునుపటిలా లేరు. మొదటి నుంచీ ఆయన పద్ధతి మనిషి. లెక్క తప్పితే ఒప్పుకోరు, ఒకరి మీద ఆధారపడరు, మనసులో ఉన్నది పైకి చెప్పరు. ఇప్పుడు రోజుకు పది పన్నెండు సార్లు బీపీ చూసుకుంటున్నారు. మాత్రల వేళ ఐదు నిమిషాలు దాటితే నా మీద విరుచుకుపడుతున్నారు. తెల్లవారుజామునే లేచి చీకట్లో కూర్చుంటారు. ఎంతో ఇష్టపడే పుస్తకాలు ముట్టుకోవడం లేదు. నడకకు వెళ్లమంటే 'ఇంకెందుకులే' అంటారు. 'ఆ కోపం, ఆ పంతం వల్లే గుండెపోటు వచ్చింది, పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు' అని బంధువులు నా ముందే అంటున్నారు. నిజంగా స్వభావం వల్లే జబ్బు వచ్చిందా? ఇప్పటి ప్రవర్తన స్వభావమా, జబ్బు తెచ్చిన దిగులా? నేను ఎలా మసలుకోవాలి? మొన్న ఒకసారి 'నేను లేకపోతే మీరంతా హాయిగా ఉంటారు' అన్నారు. అదీ ఆయన మాట తీరేనని ఊరుకున్నాను.
— ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీరు చివర రాసిన మాటే ముందు తీసుకుంటాను. మిగతావన్నీ దాని తర్వాతే. 'నేను లేకపోతే' అన్న మాటను మాట తీరు కింద కట్టేయకండి. ఇది చదివిన రోజే, ఇంట్లో సందడి లేని వేళ చూసి, ఆయన పక్కన కూర్చుని సూటిగా అడగండి: 'మొన్న అలా అన్నారు. చనిపోవాలని అనిపిస్తోందా?' అవునంటే, 'ఎలా అన్నది కూడా ఆలోచించారా?' అని అడగండి. అలా అడిగితే లేని ఆలోచన మనమే పుట్టించిన వాళ్లమవుతామని చాలామంది భయపడతారు. అలా జరగదు. లోపల ఏం నడుస్తోందో ఒకరు గమనించారన్న ఊరటే ఎక్కువ మందికి కలుగుతుంది.

ఆ ఆలోచన ఉందని, దారి కూడా అనుకున్నానని ఆయన చెబితే ఒంటరిగా వదలకండి. అదే రోజు మానసిక వైద్యుల దగ్గరికి, అది కుదరకపోతే దగ్గరున్న ఆసుపత్రి అత్యవసర విభాగానికి తీసుకెళ్లండి. గుండెకు, బీపీకి ఇచ్చే మాత్రలు మోతాదు మించితే ప్రాణాల మీదికి వస్తుంది. కాబట్టి ఏ రోజువి ఆ రోజు బయట పెట్టి మిగిలినవి మీ దగ్గర ఉంచుకోండి. ఎందుకలా చేస్తున్నారో ఆయనకు చెప్పే చేయండి. చాటుగా దాచితే ఆయనలాంటి మనిషికి అది పెద్ద అవమానం. 'అదేమీ లేదు, విసుగొచ్చి అన్నాను' అంటే సంతోషమే. అయినా ఆ మాట ఈ వారంలోనే డాక్టరుగారి చెవిన వేయండి.

ఇప్పుడు మీ అసలు సందేహం. ఒక్క ఉత్తరం చదివి జబ్బు నిర్ధారించడం తగదు. కానీ మీరు రాసినవాటిలో రెండు రకాల సంగతులు కలిసిపోయి ఉన్నాయి. వాటిని విడదీసి చూడండి. పద్ధతి, పట్టింపు, ఒకరి మీద ఆధారపడకపోవడం, మనసు విప్పకపోవడం మీకు పెళ్లి నాటి నుంచీ తెలిసినవే. తెల్లవారకముందే మెలకువ రావడం, పుస్తకాల మీద మనసు పోకపోవడం, 'ఇంకెందుకులే' అనడం మాత్రం ఈ ఏడు నెలల్లో వచ్చినవి. స్వభావం ఎప్పుడు మొదలైందో ఎవరూ చెప్పలేరు. కుంగుబాటు (డిప్రెషన్) ఎప్పుడు మొదలైందో ఇంట్లోవాళ్లు సాధారణంగా చెప్పగలుగుతారు. మీరూ చెప్పారు. దిగులు గానీ, ఇష్టమైనవాటి మీద ఆసక్తి చచ్చిపోవడం గానీ రెండు వారాలకు మించి దాదాపు ప్రతిరోజూ ఉంటే వైద్యులు కుంగుబాటును అనుమానిస్తారు. మీరు చెబుతున్నవి నెలల తరబడి ఉన్నాయి. అందుకే నాకు ఇది స్వభావంగా తోచడం లేదు. కుంగుబాటు, దానితో కలిసిన ఆందోళన అని అనుమానిస్తున్నాను. ఈ రెండూ చాలాసార్లు జతగానే వస్తాయి.

శరీరానికి జబ్బు ఉన్నవారిలో దీన్ని పట్టుకోవడం కష్టం. నీరసం, ఆకలి తగ్గడం, నిద్ర చెడిపోవడం గుండె జబ్బు వల్లా వస్తాయి, మందుల వల్లా వస్తాయి, కుంగుబాటు వల్లా వస్తాయి. ఈ చిక్కును గమనించే 1983లో జిగ్మండ్, స్నైత్ అనే ఇద్దరు వైద్యులు ఆసుపత్రికి వచ్చే రోగుల కోసం 14 ప్రశ్నల పట్టిక ఒకటి తయారుచేశారు. ఏడు ఆందోళనకు, ఏడు కుంగుబాటుకు. నీరసం, ఆకలి, నిద్ర వంటివాటిని అందులోంచి కావాలనే తప్పించారు. నవ్వు రావలసిన చోట నవ్వు వస్తోందా, రాబోయే వాటి కోసం సంతోషంగా ఎదురుచూడగలుగుతున్నారా, మంచి పుస్తకమో కార్యక్రమమో ఆస్వాదించగలుగుతున్నారా వంటివి అడుగుతారు. దాన్ని ఇప్పటికీ ఎన్నో దేశాల ఆసుపత్రుల్లో వాడుతున్నారు. మీవారి పుస్తకాల గురించి మీరు ఒక్క వాక్యమే రాశారు గానీ, నా దృష్టిలో ఉత్తరం మొత్తంలో 'నేను లేకపోతే' తర్వాత అంత ముఖ్యమైన వాక్యం అదే. నీరసంగా ఉన్న మనిషి పుస్తకం పట్టుకుని రెండు పేజీలకే నిద్రపోతాడు. కుంగుబాటులో ఉన్న మనిషికి దాన్ని తీయాలనే అనిపించదు.

గుండెపోటు వచ్చిన ప్రతి ఐదుగురిలో సుమారు ఒకరికి చికిత్స అవసరమైన స్థాయి కుంగుబాటు ఉంటుంది. అయినా ఎక్కువ మందిలో అది గుర్తింపుకు రాదు. 'అంత పెద్ద గండం దాటి వచ్చినవాడికి దిగులు ఉండదా?' అని ఇంట్లోవాళ్లు సరిపెట్టుకుంటారు, డాక్టరు స్టెంటు చూసి పంపుతారు, రోగి నోరు విప్పడు. దిగులుకు కారణం కనిపిస్తోంది కదా అని చికిత్స అక్కర్లేదనుకోవడం చాలా పెద్ద పొరపాటు. కాలు విరగడానికి కారణం తెలిసినంత మాత్రాన కట్టు కట్టకుండా వదిలేస్తామా? 1993లో మాంట్రియల్ పరిశోధకులు గుండెపోటు వచ్చిన 222 మందిని గమనిస్తే, ఆరు నెలల్లోపు మరణాలు కుంగుబాటు ఉన్నవారిలో స్పష్టంగా ఎక్కువగా కనిపించాయి. మిమ్మల్ని భయపెట్టడానికి ఇది రాయడం లేదు. ఆయన మనసు సంగతి గుండె వైద్యంలో భాగమేనని మీరు గట్టిగా అడగగలగాలని రాస్తున్నాను.

మానసిక చికిత్స మొదలయ్యేలోపు కొన్ని రక్త పరీక్షలు అడగండి. థైరాయిడ్ తగ్గినా, రక్తహీనత ఉన్నా, బీ12 లోపించినా మనిషి ఇలాగే మందకొడిగా తయారవుతాడు. గుండె వేగాన్ని తగ్గించే కొన్ని మందుల వల్ల అలసట రావచ్చు, కొందరికి నిద్రలో పీడకలలు రావచ్చు. అలా అనిపించినా ఏ మందునూ మీ అంతట మీరు ఆపకండి. స్టెంటు ఉన్నవారు రక్తం గడ్డకట్టకుండా వేసుకునే మాత్రలు ఆపడం మరీ ప్రమాదం.

బంధువుల మాటకు వస్తాను. ఈ విషయంలో నాకు కోపం ఉంది, దాచుకోను. కోపిష్ఠి కాబట్టి గుండెపోటు వచ్చిందన్న నమ్మకానికి ఒక చరిత్ర ఉంది. 1950లలో ఫ్రీడ్‌మన్, రోజెన్‌మన్ అనే ఇద్దరు అమెరికన్ గుండె వైద్యులు ఎప్పుడూ తొందరపడుతూ, పోటీపడుతూ, చిర్రుబుర్రులాడే మనుషులకు 'టైప్ ఏ' అని పేరు పెట్టారు. 1960లో కాలిఫోర్నియాలో మూడు వేలకు పైగా పురుషులతో అధ్యయనం మొదలుపెట్టి ఎనిమిదిన్నరేళ్లు గమనిస్తే, ఆ తీరు ఉన్నవారిలో గుండె జబ్బు దాదాపు రెండింతలు కనిపించింది. ఆ మాట ప్రపంచమంతా పాకింది. తర్వాత వచ్చిన అధ్యయనాల్లో చాలావాటికి ఆ ఫలితం దొరకలేదన్న సంగతి మాత్రం అంత దూరం పాకలేదు. అదే అధ్యయనంలోని గుండె రోగులనే మళ్లీ పరిశీలించి 1988లో ప్రచురించిన ఫలితం ఇంకా ఆశ్చర్యకరం. జబ్బు వచ్చాక చనిపోయే ముప్పు టైప్ ఏ వారిలోనే తక్కువగా తేలింది.

ఆ పాత సిద్ధాంతంలో కొంతమేర నిలబడింది ఒక్క అంశమే. ఎదుటివారిని నమ్మకుండా నిత్యం రగిలిపోతూ ఉండే వైరభావం. దాని ప్రభావం కూడా పొగతాగడం, అధిక రక్తపోటు, షుగరు, కొలెస్ట్రాల్ ముందు చిన్నదే. ఆ తర్వాత డెనోలెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దిగులును లోపలే మింగుకుని ఎవరికీ చెప్పని వారిని 'టైప్ డి' అన్నారు. మొదట్లో గట్టిగా వచ్చిన ఆ ఫలితాలు కూడా తర్వాతి అధ్యయనాల్లో ఒకచోట నిలిచాయి, ఒకచోట నిలవలేదు. క్యాన్సర్ విషయంలోనూ ఇదే జరిగింది. మనసులో అణచుకునేవారికి క్యాన్సర్ వస్తుందని దశాబ్దాల పాటు రోగులను కుమిలిపోయేలా చేశారు. స్వీడన్, ఫిన్లాండ్‌లలో సుమారు 60 వేల మందిని ఏళ్ల తరబడి గమనించి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, బిడియం గానీ ఊరికే ఆందోళనపడే గుణం గానీ క్యాన్సర్ ముప్పును పెంచినట్టు తేలలేదు.

కాబట్టి 'నీ బుద్ధి వల్లే' అన్న మాట ఆయన చెవిన పడకుండా చూడండి. ఆ మాట నమ్మిన రోగి తన బాధకు తానే దోషినని అనుకుంటాడు. నొప్పి వచ్చినా చెప్పడు. పుడకల సామెత అన్నవారితో మీరు వాదన పెట్టుకోనక్కర్లేదు. 'ఆయన ముందు ఆ మాట ఇంకెప్పుడూ అనకండి' అని ఒక్కసారి గట్టిగా చెప్పండి, చాలు.

స్వభావానికి జబ్బుతో సంబంధమే లేదని అనడం లేదు. జబ్బు ఆ మనిషికి ఎక్కడ తగులుతుందో నిర్ణయించేది స్వభావమే. 1964లో కహానా, బిబ్రింగ్ అనే ఇద్దరు మానసిక వైద్యులు ఆసుపత్రి రోగుల్లో తాము చూసిన ఏడు రకాల స్వభావాలను వివరించారు. వారు చెప్పింది నాకు ఇన్నేళ్ల పనిలో ఇప్పటికీ ఉపయోగపడుతోంది. ఒకే జబ్బు ఒక్కొక్కరికి ఒక్కో ప్రమాదంగా కనిపిస్తుంది. ఎప్పుడూ ఎవరో ఒకరి ఆసరా కోరే మనిషి తనను వదిలేస్తారేమోనని భయపడి ప్రతి పది నిమిషాలకూ పిలుస్తాడు. అనుమానం ఎక్కువగా ఉన్న మనిషికి ప్రతి మందులోనూ కుట్ర కనిపిస్తుంది. జీవితమంతా ఇతరుల కోసం కష్టపడిన మనిషికి 'త్వరగా నయమవుతుంది' అన్న మాట కూడా రుచించదు. 'నీ వాళ్ల కోసం కోలుకోవాలి' అంటేనే కదులుతాడు. పద్ధతి మనిషికి అన్నిటికంటే పెద్ద భయం పట్టు తప్పిపోవడం. ఏ హెచ్చరికా లేకుండా సొంత గుండే ఎదురుతిరిగింది. ఇంతకాలం లెక్క తప్పని మనిషికి ఇంతకంటే పెద్ద లెక్క తప్పడం ఏముంటుంది? చేజారిపోయిన పట్టును ఆయన బీపీ యంత్రంలో, మాత్రల గడియారంలో వెతుక్కుంటున్నారు. మీ మీద విరుచుకుపడేది కూడా ఆ ఐదు నిమిషాల కోసం కాదు.

అందుకే 'ఏమీ కాదు, ఊరుకోండి, డాక్టర్లు చూసుకుంటారు' అన్న ఓదార్పు ఆయనకు పనిచేయదు. ఇంకొకరికి అది కొండంత ధైర్యం. ఆయనకు మాత్రం ఉన్న కాస్త పట్టునూ లాగేసుకున్నట్టు. ఆయనకు కావలసింది వివరం, బాధ్యత. ఏ నాళం ఎంత మూసుకుపోయిందో, ప్రతి మాత్ర ఏం చేస్తుందో, ఏ లక్షణం వస్తే ఎప్పుడు పరుగెత్తాలో డాక్టరుగారిని విడమరిచి చెప్పమనండి, వీలైతే కాగితం మీద. బీపీ యంత్రాన్ని దాచకండి. అదే పనిగా చూసుకోవడం వల్ల కలిగే నిమ్మళం కాసేపే ఉంటుంది. మళ్లీ అనుమానం మొదలవుతుంది, ఆ కంగారుకే బీపీ పెరుగుతుంది, పెరిగిన అంకె చూసి ఇంకా కంగారు. రోజుకు ఎన్నిసార్లు, ఏ వేళల్లో చూసుకోవాలో డాక్టరుగారి చేత చెప్పించండి, ఒక పుస్తకంలో రాసుకోమనండి. 'రోజుకు రెండుసార్లు, ఐదు నిమిషాలు కూర్చున్నాక' అని డాక్టరు నోట వస్తే అది ఆయనకు నియమం అవుతుంది. మీ నోట వస్తే సాధింపు అవుతుంది. మాత్రల డబ్బా నింపే పని ఇప్పుడు మీరు చేస్తుంటే, మొదట చెప్పిన భయం లేదని తేలాక మాత్రమే, ఆయన చేతికి ఇచ్చేయండి.

నడక సంగతి వేరు. 'ఇంకెందుకులే' అన్న మాట వెనుక నిరాశ ఎంత ఉందో భయమూ అంతే ఉండవచ్చు. నాలుగు అడుగులు వేస్తే గుండె వేగం పెరుగుతుంది. ఒకసారి మోసపోయిన మనిషికి ఆ వేగం గుండెపోటు మొదలైనట్టే అనిపిస్తుంది. దీనికి వాకిట్లోకి నెట్టడం మందు కాదు. గుండె రోగులకు నిపుణుల పర్యవేక్షణలో వ్యాయామం చేయించే పునరావాస కార్యక్రమాలు ఉంటాయి. గుండె కొట్టుకునే వేగాన్ని ఎంతవరకు పెరగనివ్వవచ్చో అక్కడ అంకెల్లో చెబుతారు. అంకెలంటే ఆయనకు నమ్మకం. ఆ వ్యాయామం కుంగుబాటును కూడా తగ్గిస్తుంది. ఒక్క జాగ్రత్త మాత్రం పాటించండి. ఛాతీలో నొప్పి, ఆయాసం, చెమటలు వచ్చినప్పుడు 'ఇదంతా ఆందోళనే' అని ఇంట్లో మీరు తేల్చకండి. ఆ మాట చెప్పవలసింది పరీక్ష చేసిన డాక్టరే.

ఆయన స్వభావాన్ని మార్చాలని మీరు పెట్టుకోవద్దు. పద్ధతిగా, పట్టుదలగా ఉండేవారు మందులు క్రమం తప్పకుండా వాడతారు, పొగ మానమంటే మానతారు. అలాంటివారు సగటున ఎక్కువ కాలం బతుకుతారని చాలా అధ్యయనాలు చూపాయి. కుంగుబాటు తగ్గితే ఆ పద్ధతే ఆయనను నిలబెడుతుంది.

చికిత్సకు ఒప్పించడం ఎలా? మనసు విప్పని మనిషిని 'మనసు విప్పు' అంటే ఇంకా ముడుచుకుంటాడు. 'మీకు పిచ్చి పట్టిందని కాదు' వంటి మాటలు అసలు ఎత్తకండి, ఎత్తితే ఆ మాటే మిగులుతుంది. గుండె డాక్టరుగారి ద్వారా వెళ్లండి. 'గుండెపోటు తర్వాత నిద్ర, ఉత్సాహం కూడా సరిచేయాలి, అది ఈ వైద్యంలో భాగం' అని ఆయన చెబితే మీవారు వింటారు. ఆలోచనల తీరును, అలవాట్లను సరిచేసే కౌన్సెలింగ్ ఒకటి ఉంది. అందులో రాసుకోవడం, ఇంటి దగ్గర అభ్యాసాలు చేయడం ఉంటాయి కాబట్టి గంటల తరబడి మనసు విప్పడం కంటే ఇది ఆయనకు సులువుగా పట్టుబడుతుందని నా నమ్మకం. మందు అవసరమైతే, కుంగుబాటుకు ఇచ్చే సెర్ట్రలిన్‌ను గుండెపోటు వచ్చినవారి మీదే పరీక్షించి చూశారు. 2002లో వెలువడిన ఆ ఫలితాల్లో గుండెకు హాని కనిపించలేదు. అయితే ఈ రకం మందులు రక్తం పలచబరిచే మాత్రలతో కలిస్తే రక్తస్రావం అయ్యే అవకాశం కాస్త పెరుగుతుంది. అందుకే ఆయన వాడే ప్రతి మాత్రనూ మానసిక వైద్యులకు చూపించాలి. ఫలితం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు, పూర్తి గుణానికి ఇంకొంత కాలం పడుతుంది. మొదటి వారంలోనే 'ఏమీ లాభం లేదు' అని ఆపేసే ప్రమాదం ఉంది. ఆ గడువు ముందే చెబితే ఆయన ఆపరు.

ఇంకో నిజం కూడా మీకు చెప్పాలి. గుండెపోటు తర్వాతి కుంగుబాటుకు సగం మందికి కౌన్సెలింగ్ ఇచ్చి, మొత్తం సుమారు 2,500 మందిని గమనించిన పెద్ద అధ్యయనం ఒకటి 2003లో వచ్చింది. కుంగుబాటు తగ్గింది, కానీ ఆయుష్షు పెరిగినట్టు తేలలేదు. చికిత్స గుండెకు కవచమని నేను మాట ఇవ్వలేను. ఆయన మళ్లీ పుస్తకం పట్టుకోవడానికి, నిద్రపోవడానికి, మీతో నాలుగు మాటలు మాట్లాడడానికి అది చాలాసార్లు దారి చూపుతుంది. దానికోసం ప్రయత్నించడానికి ఇంకో కారణం అక్కర్లేదు.

మీ సంగతి మీరు ఒక్క ముక్క కూడా రాయలేదు. ఏడు నెలలుగా మాటలు పడుతూ, రాత్రిళ్లు ఆయన ఊపిరి వింటూ పడుకుంటూ ఉంటారని ఊహించగలను. గుండె రోగుల భార్యాభర్తల్లోనూ కుంగుబాటు, ఆందోళన తరచుగా కనిపిస్తాయి. ఆయన అరిచినప్పుడు బదులు చెప్పకుండా సహించడమే సేవ అనుకోకండి. ఆయన శాంతించాక 'భయంగా ఉందని తెలుసు, కానీ ఆ గొంతుతో నాతో మాట్లాడకండి' అని చెప్పండి. పద్ధతి మనిషికి హద్దు చెబితే అర్థమవుతుంది. వారంలో కొన్ని గంటలైనా ఇంకొకరిని ఆయన దగ్గర ఉంచి మీరు బయటికి వెళ్లండి. మీకూ నిద్ర పట్టకపోతే, ఏడుపు ఆగకపోతే, మీరూ డాక్టరుకు చూపించుకోండి.

ఈసారి గుండె పరీక్షకు వెళ్లినప్పుడు బయట కూర్చోకండి, ఆయనతో పాటు లోపలికి వెళ్లండి. తెల్లవారుజామున లేవడం, పుస్తకాలు, నడక, బీపీ, 'నేను లేకపోతే' అన్న మాట, ఇవి ఎప్పటి నుంచో తేదీలతో కాగితం మీద రాసుకుని వెళ్లండి. ఏం రాశారో ముందు రోజు ఆయనకు చూపించండి, తప్పులుంటే ఆయననే దిద్దమనండి. డాక్టరుగారు 'గుండె బాగుంది' అని లేవబోతే, ఆ కాగితం ఆయన ముందు పెట్టి కుంగుబాటు పరీక్ష చేయించమని అడగండి.